బేరింగ్ షాపు డబ్బా: 1,18,640 పార్ట్ నంబర్లు, 4 ఎంబీ ఫ్లాష్, ఒక పని డైరీ

వరంగల్ స్టేషన్ రోడ్డు దిక్కు మా కాకకు బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్ల షాపు ఉంది. నంబర్ కొడితే ఏ ర్యాక్‌ల ఉందో, రేటెంతో చూపించే డబ్బా కావాలె, అంతే. కంప్యూటర్ ఉంది గాని అది పొద్దుందాక బిల్లింగ్ మీదనే ఉంటది, ఫోన్ల చూద్దామంటే చేతుల నిండ గ్రీజు, పైనుంచి కాల్స్. అందుకే ఈఎస్‌పీ32 బోర్డు (అరచేతిల పట్టే చిన్న కంప్యూటర్ చిప్పు బోర్డు), స్క్రాప్ నుంచి తెచ్చిన పాత పీఎస్/2 కీబోర్డు, చిన్న ఓఎల్‌ఈడీ స్క్రీన్ తీసుకున్న. యాసంగి కోతలు మొదలైతే హార్వెస్టర్ వాళ్లు పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట నుంచి ఎగబడి వస్తరు, ఆ లోపల అయిపోవాలె అని లెక్క. నేను పడ్డ గుంతలల్ల ఇంకొకరు పడొద్దని రాస్తున్న.

దశ 1: ఎస్‌డీ కార్డుల సీఎస్‌వీ (మార్చి 9)

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి సీఎస్‌వీ (కామాలు పెట్టి లైన్లుగ రాసే టెక్స్ట్) ఫైలు ఎక్స్‌పోర్ట్ చేస్తే 46,212 లైన్లు, దగ్గర దగ్గర 1.3 ఎంబీ. కార్డుల పెట్టి మొదటి లైన్ నుంచి చదువుకుంటూ పోయేటట్టు రాసిన. ఉన్న నంబర్ అయితే సగటున 1.6 సెకన్లు, లేని నంబర్ అయితే ఫైలు చివరిదాక పోవాలె గాబట్టి 3.1 సెకన్లు. వినడానికి తక్కువే అనిపిస్తది గాని కౌంటర్ ముంగట ముగ్గురు నిలబడ్డప్పుడు మూడు సెకన్లు మస్తు పొడుగుంటది. కాక రెండుసార్లు కొట్టి చూసి, "దీనికంటె నా నోటు బుక్కే నయం రా" అన్నడు.

కీబోర్డు సంగతి ఒకటి: పీఎస్/2 అంటే 5 వోల్టులు, ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులు. నేరుగ కలిపితే రెండు రోజులు నడిచింది, మూడో రోజు క్లాక్ పిన్ను పోయింది. లెవెల్ కన్వర్టర్ 60 రూపాయలే, అది పెట్టకుండ నేను పోగొట్టుకున్న బోర్డు 450.

ఇప్పటిదాక: ఖర్చు బోర్డు 450, స్క్రీన్ 350, కీబోర్డు 100, ఎస్‌డీ మాడ్యూల్ 80, కన్వర్టర్ 60, సాకెట్ 20, మొత్తం 1,060. కాలిన బోర్డు ఇందుల కలపలే, అది నా బుద్ధి ఫీజు.

దశ 2: ర్యామ్‌ల హ్యాష్ మ్యాప్ (మార్చి 12)

ఇది తొందరగ చెప్తా ఎందుకంటే తొందరగనే సచ్చింది. హ్యాష్ అంటే నంబర్ నుంచి లెక్కకట్టి అది ఏ గడిల (బకెట్‌ల) ఉండాలెనో చెప్పే పద్ధతి. సీ ప్లస్ ప్లస్ భాషల ఉండే రెడీమేడ్ అన్ఆర్డర్డ్ మ్యాప్‌ల అన్ని నంబర్లు ఎక్కించుడు మొదలుపెట్టిన. సరిగ్గ 5,087 నంబర్లదాక ఎక్కింది, 5,088కి రీబూట్. మళ్ల పెట్టిన, మళ్ల అక్కడనే. ఎప్పుడూ అదే నంబర్ దగ్గర పడుతుందంటే మెమరీ ఉత్తగ అయిపోవుడు కాదు ఇంకేదో ఉందని చూస్తే, ఆ లైబ్రరీ తన బకెట్ల సంఖ్యను ప్రధాన సంఖ్యలల్ల పెంచుకుంటది: 1109, 2357, 5087, తర్వాత 10273. అంటే 5,088వ నంబర్ రాంగనే 10,273 బకెట్లకు 41 కేబీ ముక్క ఒక్కటే తావున కావాలె. బోర్డుల 520 కేబీ ర్యామ్ అని రాసి ఉంటది, అందుల నా ప్రోగ్రామ్‌కు మిగిలేది 290 కేబీ, అదిగూడ ముక్కలు ముక్కలుగ ఉంటది, ఒక్క తావున దొరికే పెద్ద ముక్క ఖాళీ బోర్డు మీదనే 110 కేబీ చిల్లర.

లెక్క కాగితం మీద ముందే వేసి ఉంటే అసలు రాసేవాణ్నే కాదు. ఒక్కో నంబర్‌కు స్ట్రింగ్ వస్తువు 24 బైట్లు, విలువ 8, తర్వాతి దాని పాయింటర్ 4, దాచిపెట్టుకున్న హ్యాష్ 4, మెమరీ ఇచ్చేటోడు తన లెక్క కోసం తీసుకునేది 4, బకెట్ 4. మొత్తం 48. ఇట్ల 46,212కు 22 లక్షల బైట్లు. నంబర్ సగటు పొడుగు చూస్తే 11 బైట్లే, అంటే సరుకు కంటె సంచి బరువే ఎక్కువ.

దశ 3: సార్ట్ చేసి ఫ్లాష్‌ల, బైనరీ సెర్చ్ (మార్చి 15 – 19)

ఫ్లాష్ అంటే బోర్డుల కరెంటు పోయినా చెరగని మెమరీ. ల్యాప్‌టాప్ మీద పైథాన్‌ల సార్ట్ చేసి, ఒక్కో నంబర్‌కు 16 బైట్లు, ర్యాక్‌కు 2, రేటుకు 2, మొత్తం 20 బైట్ల రికార్డు. 46,212 × 20 = 9,24,240 బైట్లు. బైనరీ సెర్చ్ అంటే నడుమ చూసి ప్రతిసారి సగం వదిలేసుడు, 46 వేలంటే 16 పోలికలల్ల అయిపోతది.

మొదలు ఫైల్ సిస్టమ్ మీద పెట్టిన, ప్రతి పోలికకు సీక్, రీడ్. 31 మిల్లీసెకన్లు. తర్వాత ఫైల్ సిస్టమ్ తీసేసి ఫ్లాష్‌ల వేరే పార్టిషన్ కట్టి, దాన్ని మెమరీ లెక్క మ్యాప్ చేసుకున్న, ఇగ పాయింటర్ పెట్టి చదువుడే. వెతుకుడు 9 మైక్రోసెకన్లు అని వచ్చింది. సంబరపడి స్క్రీన్‌షాట్ గూడ తీసుకున్న, అది తప్పు. ఒకే నంబర్‌ను వెయ్యిసార్లు వెతికిన కదా, అవే 16 తావులు క్యాష్‌ల (మళ్ల మళ్ల చదివేవి దాచుకునే చిన్న వేగం మెమరీల) కూర్చున్నయి. ఫ్లాష్ ముంగట ఉండే క్యాష్ 32 కేబీ, అంతల నా టెస్ట్ మొత్తం పట్టింది. వేర్వేరు నంబర్లు చెల్లాచెదురుగ వెతికితే అసలు లెక్క 61 మైక్రోసెకన్లు. మీరు కొలిచేటప్పుడు దయచేసి నంబర్లు చెల్లాచెదురు చేసి కొలువుండ్రి.

రెండు తప్పులు షాపుల బయటపడ్డయి:

1. లిస్టుల అన్నిటికంటె పొడుగు నంబర్ 22 అక్షరాలు. 16కి కత్తిరించిన గాబట్టి చివర్ల మాత్రమే తేడా ఉన్న నంబర్లు ఒకటే అయిపోయినయి, ఒకదాని రేటు ఇంకొకదానికి చూపిచ్చింది.
2. రేటుకు 2 బైట్లు అంటే 65,535 దాటదు. గ్రానైట్ క్రషర్‌కు పడే పెద్ద బేరింగ్ 71,300 రూపాయలది 5,764 అని చూపిచ్చింది. 71,300ల నుంచి 65,536 తీసేస్తే అదే మిగులుతది. కాక చూసుడు మంచిగైంది, లేకపోతే ఆ గిరాకి ఇప్పటికీ మమ్మల్ని తలుచుకునేటోడు.

మార్పు: నంబర్‌కు 24, ర్యాక్‌కు 2, రేటుకు 3, మొత్తం 29.

ఇప్పటిదాక: 13,40,148 బైట్లు ఫ్లాష్, ర్యామ్ దాదాపు సున్నా, 61 మైక్రోసెకన్లు. ఎస్‌డీ మాడ్యూల్ పీకేసిన.

దశ 4: అసలు నంబర్ అంటే ఏంది (మార్చి 20 – 27)

ఈ వారం ఒక్క బైట్ తగ్గలే గాని మొత్తం పనిల ఇదే అన్నిటికంటె గట్టిది, ఇక్కడ జర ఆగుతా.

బిల్లింగ్‌ల 6204-జెడ్‌జెడ్ అని ఉంటది, షాపుల పోరడు 6204జెడ్‌జెడ్ అని కొడతడు, ఇంకొకరు మధ్యల స్పేస్ పెడతరు. మెషిన్‌కు ఇవి మూడు వేర్వేరు. ఈజీ కదా, స్పేసు, గీత, స్లాష్ అన్ని తీసేసి పెద్దక్షరాలు చేస్తే అయిపోతది అనుకున్న. చేసిన. మరునాడు 15245 కొడితే ఆయిల్ సీల్ చూపిస్తుంది. 15245 అంటే ఇంచు సైజు టేపర్ బేరింగ్‌కు బయట పడే కప్పు. 15-24-5 అంటే లోపల 15, బయట 24, మందం 5 మిల్లీమీటర్ల ఆయిల్ సీల్. గీతలు తీసేస్తే రెండూ ఒకటే.

సరే, రెండు దిక్కుల అంకెలుంటే మధ్యల గీత ఉంచుదాం అని మార్చిన. ఇగ సీళ్లు మంచిగైనయి, బేరింగులు ఖరాబైనయి, ఎందుకంటే 6204-2ఆర్‌ఎస్‌ల గూడ గీతకు అటు 4, ఇటు 2 ఉన్నయి. గీత పెట్టి కొడితే ఒకటి, పెట్టకుండ కొడితే ఇంకొకటి. ఈ లొల్లి తేలనీకె మూడు రోజులు పట్టింది.

చివరికి నిలిచిన రూల్:

1. అక్షరాలన్నీ పెద్దవి చేయి, స్పేసులు తీసేయి.
2. నంబర్ మొత్తం అంకెలు, రెండు గీతలే ఉంటే అది సీల్ సైజు, గీతలు ఉంచు.
3. లేకపోతే గీతలు, స్లాష్‌లు అన్ని తీసేయి.
4. అంకెల మధ్యల ఇంగ్లిష్ 'ఓ' (O) అక్షరం వస్తే సున్నా చేయి.

ఈ రూల్ పైథాన్‌ల ఒకసారి, బోర్డు మీద ఒకసారి రాయాలె, రెండూ అచ్చం ఒకటే ఉండాలె. నేను నాలుగోది బోర్డు మీద మర్చిపోయి ఒక సాయంత్రం పోగొట్టుకున్న.

తెలువని వాళ్ల కోసం: 6204ల చివరి రెండంకెలను 5తోని గుణిస్తే లోపలి రంధ్రం సైజు వస్తది, 04 అంటే 20 మిల్లీమీటర్లు, 05 అంటే 25. 00 నుంచి 03దాక మాత్రం వరుసగ 10, 12, 15, 17. తోక మీద జెడ్‌జెడ్ అంటే రెండు దిక్కుల రేకు మూత, 2ఆర్‌ఎస్ అంటే రబ్బరు సీల్, సీ3 అంటే లోపల జర లూజు ఎక్కువ. తిప్పలేందంటే అదే రబ్బరు సీల్‌ను ఎన్‌ఎస్‌కే వాళ్లు డీడీయూ అంటరు, ఎన్‌టీఎన్ వాళ్లు ఎల్‌ఎల్‌యూ అంటరు, ఎస్‌కేఎఫ్‌ల 2ఆర్‌ఎస్1 అని ఉంటది. వస్తువు ఒకటే రకం, పేర్లు నాలుగు. ఇదే తర్వాతి దశకు కారణం.

దశ 5: కాక కొత్త కోరిక (మార్చి 29)

"గిరాకి ఏ కంపెనీ పేరు చెప్పినా రావాలె" అన్నడు. డిస్ట్రిబ్యూటర్ల రేట్ లిస్టులు తెచ్చి ఇచ్చిండు. అన్ని కలిపితే 1,18,852, రూల్ వేసినంక ఒకటే అయినవి 212 తీసేస్తే 1,18,640.

పాత పద్ధతిల 1,18,640 × 29 = 34,40,560 బైట్లు. బోర్డుల మొత్తం ఫ్లాషే 41,94,304, అందుల ప్రోగ్రామ్‌కు 13,10,720 ఇచ్చిన. పట్టదు. 16 ఎంబీ ఫ్లాష్ ఉన్న బోర్డు తెచ్చుకోవచ్చు, చాలామంది అదే చెప్తరు, తప్పు గాదు. ఉన్న బోర్డును మళ్ల విప్పుడు నాకు ఇష్టం లేదు, నిజం చెప్పాలంటే పట్టుదల గూడ వచ్చింది.

ఇంకొకటి గూడ ఉంది. కొత్త లిస్టు ఎక్కిస్తుంటే మధ్యల కరెంటు పోయి పాతదీ పోయింది, కొత్తదీ రాలే, మధ్యాహ్నందాక షాపు నోటు బుక్కు మీదనే నడిచింది. అందుకే డేటాకు రెండు స్లాట్లు కావాలె, ఒకటి నడుస్తుంటే ఇంకొకదాంట్ల రాయాలె. ఒక్కో స్లాట్ 13,76,256 బైట్లు.

అందుల హెడర్‌కు (స్లాట్ గుర్తింపు వివరాలు ఉండే ముక్కకు) 4,096, ర్యాక్, రేటు 5 బైట్ల చొప్పున 5,93,200. నంబర్లకు మిగిలేది 7,78,960. అంటే ఒక్కో నంబర్‌కు ఆరున్నర బైట్లు, నంబర్ సగటు పొడుగేమో 11.4. ఇదీ బడ్జెట్.

దశ 6: మినిమల్ పర్ఫెక్ట్ హ్యాష్ (ఏప్రిల్ 1 – 14)

మామూలు హ్యాష్ టేబుల్‌ల ఖాళీలు ఉంచాలె. వరుసగ పక్క గడి చూసే పద్ధతిల సగం నిండినప్పుడు లేని నంబర్‌కు సగటున రెండున్నర గడులు చూస్తే చాలు, 90 శాతం నింపితే 50 చూడాలె. పర్ఫెక్ట్ హ్యాష్ సంగతి వేరే: నంబర్లన్నీ ముందే తెలుసు గాబట్టి, 1,18,640 నంబర్లకు సరిగ్గ 1,18,640 గడులు, ఒక్కటి ఖాళీ లేకుండ, ఒక్క ఢీ లేకుండ పడే హ్యాష్‌ను ముందే వెతికి పెడతం. థియరీ ప్రకారం నంబర్‌కు 1.44 బిట్ల కంటె తక్కువల రాదు, నేను చేసిన రకం 2.6 బిట్లు తింటది. బైట్లు కాదు, బిట్లు! మొత్తం 38,558 బైట్లు.

పద్ధతి ఏందంటే ప్రతి నంబర్‌కు మూడు హ్యాష్‌లు, అవి మూడు చుక్కలను కలిపే ఒక గీత అనుకోండి. చుక్కలు నంబర్ల కంటె 1.23 రెట్లు. ఒక్కటే గీత తగిలే చుక్కను వెతికి ఆ గీతను తీసేయాలె, అట్ల తీసుకుంటూ పోతే అన్ని ఊడి రావాలె. రాకపోతే సీడ్ (హ్యాష్ లెక్క మొదలుపెట్టే సంఖ్య) మార్చి మళ్ల.

ఫెయిల్ 1: 200 సీడ్లు మార్చిన, ఒక్కసారి గూడ ఊడి రాలే. ల్యాప్‌టాప్ రాత్రంత తిరిగింది. కారణం, ఆ 212 డూప్లికేట్లు అప్పటికి తీయలే. ఒకే నంబర్ రెండుసార్లు ఉంటే రెండు గీతలు అవే మూడు చుక్కలను పట్టుకుంటయి, ఎవరు ముందు ఊడాలె? ఏ సీడ్ పెట్టినా ఊడవు. అవి తీసేస్తే మొదటి సీడ్‌కే వచ్చింది.

ఫెయిల్ 2: ల్యాప్‌టాప్ మీద మంచిగున్నది, బోర్డు మీద ఒక్కటీ దొరుకుతలేదు. నేను పైథాన్ సొంత హ్యాష్ ఫంక్షన్ వాడిన. అది స్ట్రింగులకు ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారి వేరే విలువ ఇస్తది, సెక్యూరిటీ కోసం కావాలనే అట్ల పెట్టిండ్రు. తీసేసి ఎఫ్‌ఎన్‌వీ-1ఎ అనే హ్యాష్ సొంతంగ రెండు దిక్కుల రాసిన: 2166136261తోని మొదలుపెట్టి, ప్రతి బైట్‌ను ఎక్సార్ చేసి 16777619తోని గుణించు, 32 బిట్లే ఉంచుకో. నాలుగు లైన్లు.

ఫెయిల్ 3 అసలుది. ఈ హ్యాష్ లేని నంబర్‌కు గూడ ఏదో ఒక గడి చూపిస్తది, దానికి "లేదు" అనడం రాదు. అందుకని గడిల నంబర్ మొత్తం కాకుండ 8 బిట్ల వేలిముద్ర (నంబర్ నుంచి లెక్కకట్టిన చిన్న గుర్తు) పెట్టిన, అది కలిస్తేనే ఉన్నట్టు. మొత్తం 1,57,198 బైట్లు, 14 మైక్రోసెకన్లు. నా బడ్జెట్‌ల ఐదో వంతు! ఏప్రిల్ 9న షాపుల పెట్టిన.

11న హార్వెస్టర్ డ్రైవర్ ఒకాయన 35-52-7 సీల్ అడిగిండు. పోరడు తొందరల 35-25-7 కొట్టిండు, అట్లాంటి సీల్ ఈ భూమ్మీద ఉండదు, లోపలి సైజు బయటి దానికంటె పెద్దది. డబ్బా మాత్రం ధీమాగ "ర్యాక్ 14, 85 రూపాయలు" అని చూపిచ్చింది. పోరడు నిచ్చెన వేసుకొని 14కు ఎక్కి అక్కడి పెట్టె దించితే లోపల బీ సెక్షన్ బెల్టులు. ఎండలకెల్లి వచ్చిన మనిషి, కింద నిలబడి ఆ బెల్టుల దిక్కు, మా దిక్కు మార్చి మార్చి చూసిండు.

8 బిట్లంటే లేని నంబర్లల్ల 256కు ఒకటి ఇట్ల దూరుతది. షాపుల రోజుకు 40 తప్పు నంబర్లు కొడతరు అంటే వారానికొకటి గ్యారంటీ. 16 బిట్లకు పెంచిన, 2,75,838 బైట్లు, ఇప్పుడు నాలుగున్నరేండ్లకు ఒకటి. అది సరే అనుకున్న.

కాని అదే రోజు సాయంత్రం కాక పిలిచి, "ఏందిరా, 6204 కొడితే ఒక్కటే చూపిస్తది, మిగతావి ఏవి?" అన్నడు. అప్పుడు ఆగిన. గిరాకి వచ్చి "6204 ఉందా" అంటడు, తోక చెప్పడు. ఏ తోకలు ఉన్నయో చూసి వీళ్లు అడుగుతరు, రేకుదా, రబ్బరుదా అని. మూడు రోజులు కొట్టిన ప్రతిదీ లాగ్‌ల రాసి చూసిన: 874 వెతుకుళ్లు, అందుల పూర్తి నంబర్ కొట్టినవి 263, మిగతా 611 ముందు భాగమే. హ్యాష్‌కు 6204కూ 6204జెడ్‌జెడ్‌కూ చుట్టరికమే తెలువదు, ఒకటి ఈ మూల పడితే ఇంకొకటి ఆ మూల పడతది. రెండు వారాలు నేను పదిల ముగ్గురి కోసం కష్టపడ్డ. ఈ లాగ్ మార్చి 9నాడే పెట్టాల్సింది.

దశ 7: ట్రై, లౌడ్స్ (ఏప్రిల్ 16 – 20)

ముందు భాగంతోని వెతకాలంటే ట్రై, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో కొమ్మ (నోడ్) చీలే చెట్టు. పాయింటర్లతోని కడితే ఒక్కో నోడ్‌కు, 39 రకాల గుర్తులు గాబట్టి, 39 పాయింటర్లు, నా నోడ్లు 4,31,208, అది మనకు కాదు. గై జాకబ్‌సన్ 1989ల చెప్పిన లౌడ్స్ పద్ధతిల చెట్టు ఆకారం మొత్తం నోడ్‌కు రెండు బిట్లల్ల పడతది. చెట్టుకు 1,07,803 బైట్లు, అక్షరాలకు 4,31,208, ఎక్కడ నంబర్ పూర్తయితదో గుర్తుకు 53,902, లెక్కపెట్టే సాయానికి 10,112. మొత్తం 6,03,025. పట్టింది.

రెండు రాత్రులు తినేసిన తప్పు: పైథాన్‌ల బిట్లను బైట్‌ల ఎడమ నుంచి నింపిన, బోర్డు మీద కుడి నుంచి చదివిన. చిన్న టెస్టుల పది నంబర్లు అదృష్టంగ పాసైనయి. పెద్దదాంట్ల చెట్టు ఎటో పోయింది. అది సరిచేసినంక 410 మైక్రోసెకన్లు, నడిచింది. అయినా తీసేసిన, ఎందుకో కింద.

దశ 8: ఫ్రంట్ కోడింగ్ (ఏప్రిల్ 21 – 26)

ఇదే నిలిచింది. పాత డిక్షనరీల పని లెక్క ఉంటది:

1. నంబర్లన్నీ సార్ట్ చేయి.
2. 16 చొప్పున గుంపులు కట్టు. 1,18,640కు సరిగ్గ 7,415 గుంపులు.
3. గుంపుల మొదటి నంబర్ పూర్తిగ రాయి.
4. మిగతావాటికి, ముందుదానితోని ఎన్ని అక్షరాలు కలుస్తున్నయో ఆ సంఖ్య, తర్వాత తోక మాత్రం రాయి.
5. ప్రతి గుంపు ఎక్కడ మొదలైతదో 3 బైట్ల సూచిక.

6204 కుటుంబం చూడండి, కుడిదిక్కు ఉన్నదే ఫ్లాష్‌ల ఉండేది:

6204 → పూర్తిగ
62042ఆర్‌ఎస్ → 4, 2ఆర్‌ఎస్
62042ఆర్‌ఎస్1 → 7, 1
62042జెడ్ → 5, జెడ్
6204సీ3 → 4, సీ3
6204డీడీయూ → 4, డీడీయూ
6204ఎల్‌ఎల్‌యూ → 4, ఎల్‌ఎల్‌యూ
6204జెడ్‌జెడ్ → 4, జెడ్‌జెడ్
6204జెడ్‌జెడ్‌సీ3 → 6, సీ3

ఈ తొమ్మిది నంబర్లు ముందు 59 బైట్లు, ఇప్పుడు తోకలు 21, సంఖ్యలకు 9, మొత్తం 30.

కలిసిన సంఖ్యకు 4 బిట్లు, తోక పొడుగుకు 4 బిట్లు, రెండూ ఒకే బైట్‌ల. 4 బిట్లంటే 15 దాటదు, 22 అక్షరాల నంబర్లు ఉన్నయని దశ 3ల నెత్తి కొట్టుకొని గూడ మళ్ల మర్చిపోయిన. 15 అని ఉంటే తర్వాతి బైట్‌ల మిగతాది ఉంటది అని మార్చిన, 2,316 నంబర్లకు ఒక్కో బైట్ పెరిగింది.

లెక్క: తోకలు 4,31,208 + సంఖ్యలు 1,18,640 + గుంపు మొదళ్లు పూర్తిగ రాసినందుకు 57,912 + సూచిక 22,245 + పొడుగువాటికి 2,316 = 6,32,321.

తోకల మొత్తం 4,31,208 చూడంగనే గుర్తుపట్టి ఉంటరు, ట్రై నోడ్ల సంఖ్య అదే. అట్లనే రావాలె, కొత్తగ రాసే ప్రతి అక్షరం ట్రైల ఒక కొత్త నోడ్. రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌లు ఒకే సంఖ్య ఇచ్చినయంటే రెండూ కరెక్టే అని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

వెతుకుడు: గుంపు మొదళ్ల మీద 13 పోలికలు, తర్వాత గుంపుల వరుసగ ఎక్కువల ఎక్కువ 16. 84 మైక్రోసెకన్లు, ర్యామ్‌ల ఒక నంబర్ పట్టే బఫర్ చాలు. గుంపు సంఖ్య 16తోని గుణించి, లోపల ఎన్నోదో కలిపితే రేటు ఏ తావున ఉందో అదే. 6204 కొడితే అక్కడినుంచి కిందికి చదువుకుంటూ పోవుడే, తోకలన్నీ వరుసగ వస్తయి.

లౌడ్స్ దీనికంటె 29,296 బైట్లు చిన్నది. మరి దీన్నెందుకు ఉంచిన అంటే, ఏదన్న తేడా వస్తే ఒక గుంపు తీసి ప్రింట్ చేస్తే కండ్లతోని చదవొచ్చు, లౌడ్స్‌ల తేడా వస్తే బిట్ల గుట్ట ముంగట కూసోవాలె. 29 కేబీ కోసం నా నిద్ర అమ్ముకోను. అట్లనే 39 రకాల గుర్తులకు 6 బిట్లు చాలు, తోకలను అట్ల నొక్కితే ఇంకో లక్ష బైట్లు మిగులుతయి. స్లాట్‌ల తావు ఉంది, అక్కర రాలే, చేయలే.

ఇప్పటిదాక: హెడర్ 4,096 + రేట్లు 5,93,200 + నంబర్లు 6,32,321 = 12,29,617. స్లాట్ 13,76,256. మిగిలింది 1,46,639.

దశ 9: కరెంటు (ఏప్రిల్ 27 – మే 2)

అప్‌డేట్ చేసే వరుస:

1. నడవని స్లాట్‌ను చెరిపేయి, ఫ్లాష్ 4,096 బైట్ల ముక్కలల్లనే చెరుగుతది.
2. డేటా మొత్తం రాయి, హెడర్ ముట్టకు.
3. రాసినదాన్ని మళ్ల చదివి సీఆర్‌సీ (డేటా చెడిందా లేదా చెప్పే తనిఖీ సంఖ్య) లెక్కకట్టు.
4. కలిస్తేనే చివరికి హెడర్ రాయి, పాతదానికంటె ఒకటి పెద్ద వరుస సంఖ్యతోని.
5. బోర్డు లేవంగనే రెండు హెడర్లల్ల సంఖ్య పెద్దగున్నది, సీఆర్‌సీ సక్కగున్నది తీసుకో.

పదకొండుసార్లు మధ్యల ప్లగ్గు పీకిన, ప్రతిసారి పాత లిస్టు మంచిగనే లేచింది.

పక్క షాపుల మోటర్లు రిపేరు చేస్తరు. వాళ్లు సబ్‌మెర్సిబుల్ మోటర్ స్టార్ట్ చేసి చూసినప్పుడల్ల మా డబ్బా రీబూట్ అయితుండె. బ్రౌన్ఔట్ (వోల్టేజ్ పడిపోవుడు) అని బోర్డు పంపే మెసేజ్‌లల్ల కనిపిచ్చింది. ప్రోగ్రామ్‌ల ఆ చెకింగే ఆపేయమని సలహా ఇచ్చేటోళ్లు ఉన్నరు, ఫ్లాష్ రాస్తుంటే వోల్టేజ్ పడితే ఏమైతదో ఆలోచించండి. మంచి అడాప్టర్ 150, పవర్ పిన్నుల దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ 10 రూపాయలు. ఆ రీబూట్ల తిప్పలు పోయింది.

ఖర్చు: 1,060 + 150 + 10 + బోర్డు పెట్టే డబ్బా 120 = 1,340.

దశ 10: షాపుల (మే 3 నుంచి)

కోతల సీజన్ల పది రోజులు నడిచింది. తీరని తిప్పలు రెండు మిగిలినయి. 6220 కొడితే 6220తోని పాటు 62204 గూడ వస్తది, మొదటిది 100 మిల్లీమీటర్ల రంధ్రం, రెండోది 20 మాత్రమే. పోరడు నవ్వుకుంటడు గాని తికమక పడడు, అందుకే వదిలేసిన.

రెండోది నిన్న వచ్చింది. రైతు ఒకాయన తుప్పు పట్టిన బేరింగ్ పట్టుకొచ్చిండు, నంబర్ అరిగిపోయింది. కాక వెర్నియర్ పెట్టి కొలిచి, 20, 47, 14 అని చెప్పి, "ఇది కొడితే 6204 అని రావాలె గదరా" అన్నడు. 20-47-14 కొట్టిన. మొత్తం అంకెలు, రెండు గీతలు, నా రూల్ నంబర్ 2 ప్రకారం అది ఆయిల్ సీల్, "లేదు" అన్నది. సీల్ సైజులకు ముందు ఒక అక్షరం, బేరింగ్ సైజులకు ఇంకో అక్షరం పెట్టి మళ్ల సార్ట్ చేయాలె, ముందు అక్షరం కొట్టకపోతే రెండిట్ల వెతికి చూపించాలె. ఇంకా 1,46,639 బైట్లు ఉన్నయి. ఆ బేరింగ్ నా టేబుల్ మీదనే ఉంది, కొత్తది పెట్టుకొని పాతది ఇచ్చి పోయిండు.